గల్లీ కాలేజీయా, ఉస్మానియానా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి షాలిబండ, మొఘల్‌పురా, యాకుత్‌పురా బస్తీల్లోని ఇంటర్నెట్ సెంటర్లకు ఊపిరి సలపదు. చాలా కాలేజీల్లో డిగ్రీలో చేరాలంటే ముందు ఆన్‌లైన్ అడ్మిషన్ల వేదిక ‘దోస్త్’లో పేరు నమోదు చేసుకోవాలి. దానికి 200 రూపాయల ఫీజు కట్టాలి, ఆధార్‌తో లింకైన ఫోన్ నంబరు ఇవ్వాలి. చాలా ఇళ్లల్లో ఆ నంబరు నాన్నదో అన్నదో అయి ఉంటుంది. ఓటీపీ వాళ్ల ఫోన్‌కే పోతుంది. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి ఫోన్ చేసి ఓటీపీ అడిగితే, అవతలి నుంచి ముందుగా వచ్చే మాట కోర్సు గురించి కాదు. “ఏ కాలేజీ పెడుతున్నవ్ బేటీ? ఇంటికి ఎంత దూరం?”

ఈ ప్రశ్నను పాతకాలపు ఆలోచన కింద కొట్టిపారేయడం తేలిక. నిజానికి పాతబస్తీలో ‘చిన్న ప్రైవేటు కాలేజీయా, పెద్ద సర్కారు యూనివర్సిటీయా’ అన్న చర్చ మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. చదువు నాణ్యత, ఫీజు, ఉద్యోగం, అన్నీ దాని తర్వాత వస్తాయి. కాబట్టి ఈ సమీక్ష కూడా అక్కడి నుంచే మొదలు కావాలి.

ఎంచుకోవడానికి కాలేజీలకైతే కొదవ లేదు. కేంద్ర ప్రభుత్వం జరిపించే ఉన్నత విద్యా సర్వే 2021-22 లెక్కల ప్రకారం దేశంలో 18 నుంచి 23 ఏళ్ల మధ్య వయసున్న ప్రతి లక్ష మందికి సగటున 30 కాలేజీలుంటే తెలంగాణలో 52 ఉన్నాయి. ఒక్క హైదరాబాద్ జిల్లాలోనే 491. బెంగళూరు అర్బన్, జైపూర్ తర్వాత దేశంలో మూడో స్థానం మనదే. ఇందులో ఎక్కువ భాగం ప్రైవేటువే. పాతబస్తీలో నడుస్తూ పోతే మెడికల్ షాపు పైన, ఫంక్షన్ హాల్ పక్కన, పెట్రోల్ బంకు వెనక కాలేజీ బోర్డులు కనిపిస్తాయి. బోర్డు మీద కాలేజీ పేరు కింద చిన్న అక్షరాల్లో మరో వరుస ఉంటుంది: ‘ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధం’. చాలామంది తల్లిదండ్రులు ఆ వరుసను చదవరు. అసలు విషయమంతా ఆ వరుసలోనే ఉంది.

గల్లీ కాలేజీలో బీకాం చేసినా, మూసీ ఒడ్డున హైకోర్టు పక్కనున్న సిటీ కాలేజీలో చేసినా, బషీర్‌బాగ్ నిజాం కాలేజీలో చేసినా చివరికి చేతికొచ్చే పట్టా ఉస్మానియాదే. అంటే ఇక్కడ ఎంపిక రెండు పట్టాల మధ్య కాదు, మూడేళ్లు గడిపే రెండు పద్ధతుల మధ్య. ఈ అనుబంధ కాలేజీల ఏర్పాటు ఇక్కడ పుట్టింది కాదు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలను లండన్ యూనివర్సిటీ నమూనాలో పెట్టారు. పాఠం చెప్పేది కాలేజీ, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది యూనివర్సిటీ. 1887లో మొదలైన నిజాం కాలేజీ అరవై ఏళ్ల పాటు మద్రాసు యూనివర్సిటీ కిందే నడిచింది. 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెట్టిన ఉస్మానియా మాత్రం ఉర్దూ మాధ్యమంలో, సొంత అధ్యాపకులతో, పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చే అనువాద శాఖతో మొదలైంది. ఆ రోజుల్లో హైదరాబాద్ కుర్రాడి ముందున్న ప్రశ్న వేరు: ఇంగ్లీషులో చదివి మద్రాసు పట్టా తీసుకోవాలా, ఉర్దూలో చదివి ఉస్మానియా పట్టా తీసుకోవాలా? 1947లో నిజాం కాలేజీ కూడా ఉస్మానియా గొడుగు కిందికి వచ్చింది. హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన పోలీస్ చర్య తర్వాత ఉస్మానియా కూడా ఇంగ్లీషుకు మారింది. ఆ పాత ప్రశ్న అక్కడితో తీరింది, దాని స్థానంలో ఇప్పటి ప్రశ్న వచ్చి కూర్చుంది.

ఇంకో సంగతి కూడా చాలామందికి అడ్మిషన్ల వేళ దాకా తెలియదు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం ఫొటో చూసి ‘ఉస్మానియాలో డిగ్రీ చేస్తా’ అనుకునే పిల్లలుంటారు. ఆ క్యాంపస్ ప్రధానంగా పీజీలకు, పరిశోధనకు, ఇంజనీరింగ్ లాంటి వృత్తి కోర్సులకు పరిమితం. మామూలు బీఏ, బీఎస్సీ, బీకాం కోసం నిజాం కాలేజీకో, సర్కారు డిగ్రీ కాలేజీకో, ప్రైవేటు కాలేజీకో పోవాల్సిందే. కాబట్టి డిగ్రీ స్థాయిలో పెద్ద యూనివర్సిటీకి, చిన్న ప్రైవేటు కాలేజీకి మధ్య ఎంపిక అని అనుకుంటున్నది చాలాసార్లు పక్క బస్తీలోని సర్కారు కాలేజీకి, సొంత గల్లీలోని ప్రైవేటు కాలేజీకి మధ్య ఎంపిక మాత్రమే. ‘చిన్న’ అన్నా ‘ప్రైవేటు’ అన్నా ఒకటే అనుకోవడం వల్ల ఎంతోమంది ఇంటి దగ్గరున్న సర్కారు కాలేజీని లెక్కలోకే తీసుకోవడం లేదు.

అలాంటివి పాతబస్తీలో లేకపోలేదు. సిటీ కాలేజీ భవనం 1921 నాటిది, అది ఇప్పుడు స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ. హుస్సేనీ ఆలంలో మహిళల ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. ఫలక్‌నుమాలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. చార్మినార్‌కు ఆనుకుని ఉన్న యునానీ ఆస్పత్రిలో ప్రభుత్వ నిజామియా తిబ్బీ కాలేజీ నడుస్తోంది. దాని ముందు నుంచి రోజూ వేలమంది గాజుల కోసం లాడ్ బజార్‌కు పోతుంటారు. అక్కడ వైద్య విద్య నేర్పే సర్కారు కాలేజీ ఉందని వాళ్లలో ఎందరికి తెలుసో చెప్పలేం.

అయినా తల్లిదండ్రులు ప్రైవేటు వైపే ఎందుకు పోతున్నారు? పాఠం బాగా చెబుతారన్న నమ్మకం ఒక్కటే కారణం అయితే ఈ వ్యాసం ఇక్కడే ముగించవచ్చు. వాళ్లు కొంటున్నది మరికొన్నిటిని. కాలేజీ నడిచి పోయేంత దూరంలో ఉండాలి. అమ్మాయిలకు వేరే సెక్షన్ గానీ వేరే కాలేజీ గానీ కావాలి. పిల్ల క్లాసుకు రాకపోతే పదకొండు గంటలకల్లా ఇంటికి ఫోన్ రావాలి. ఒంటిగంటకు క్లాసులు అయిపోతే మధ్యాహ్నం జర్దోజీ పనికో, ట్యూషన్లు చెప్పడానికో, అబ్బాయి అయితే పత్తర్‌గట్టి బట్టల షాపుకో వెళ్లే వీలుండాలి. ప్రిన్సిపాల్ ఉర్దూలోనో తెలుగులోనో మాట్లాడాలి, తల్లి లోపలికి అడుగు పెట్టడానికి జంకకూడదు. గౌలిపురా, లాల్‌దర్వాజా, అలియాబాద్ తెలుగు ఇళ్లల్లో కూడా లెక్క ఇదే. మతం మారినా, ఇంట్లో మాట్లాడే భాష మారినా, ఇంట్లో మొదటిసారి డిగ్రీకి పోతున్న ఆడపిల్ల విషయంలో భయాలు ఒకటే.

ఈ కోరికల్లో ఒక్కటీ తప్పు కాదు. ఒక్కటీ ప్రైవేటు కాలేజీ మాత్రమే తీర్చగలిగింది కూడా కాదు. దగ్గరితనం, పిల్లల రాకపోకల మీద శ్రద్ధ, ఆడపిల్లలకు ధైర్యం, ఇవన్నీ సర్కారు ఇవ్వాల్సినవే. ఇవ్వనప్పుడు వాటిని కుటుంబమే అప్పు చేసి కొనుక్కుంటోంది. సుధీర్ కమిషన్ 2016లో ఇచ్చిన నివేదిక తెలంగాణ ముస్లింల వెనుకబాటును వివరిస్తూ పైచదువులకు వెళ్లేకొద్దీ పిల్లలు తగ్గిపోతున్న తీరును కూడా ఎత్తి చూపింది. అలా తగ్గిపోయే చోట దూరం చిన్న కారణం కాదు.

అప్పు మాట వచ్చింది కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి వివరంగా చూడాలి. పేరుకు ప్రైవేటు కాలేజీ అయినా అందులో పేద పిల్లల ఫీజు కట్టేది సర్కారే. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పెట్టిన ఈ పథకం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు ప్రైవేటు కాలేజీ తలుపులు తెరిచింది. 2007 చట్టంతో ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద వచ్చిన 4 శాతం రిజర్వేషన్ దీనికి తోడైంది. పాతబస్తీలో ఇవాళ కనిపించే మొదటి తరం ఇంజనీర్లలో, గ్రాడ్యుయేట్లలో చాలామంది ఈ రెండింటి వల్లే పైకి వచ్చారు. ఇది చిన్న విషయం కాదు. పథకం గురించి ఎన్ని ఫిర్యాదులున్నా ఈ మేలును మరిచి మాట్లాడకూడదు.

కానీ షరతులు చదవకుండా చేరినవాళ్లు ఇబ్బంది పడతారు. బీసీ, మైనారిటీ కుటుంబాలకు పట్టణాల్లో ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. హాజరు 75 శాతం ఉండాలి. ఇంజనీరింగ్‌లో ఎస్సీ, ఎస్టీలకు కాకుండా మిగతావాళ్లకు ఎంట్రెన్స్‌లో పదివేల లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు ఇచ్చే పద్ధతి నడిచింది. ఆ ర్యాంకు దాటితే 35 వేల వరకే. కాలేజీ ఫీజు లక్ష దాటితే మిగతాది ఇంటి మీద పడుతుంది. ఇక అన్నిటికన్నా పెద్ద చిక్కు బకాయిలు. సర్కారు డబ్బు ఏళ్ల తరబడి విడుదల కాకపోవడంతో 2024లోనూ 2025లోనూ ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు క్లాసులు బంద్ పెట్టాయి. ఆ బంద్‌లో నష్టపోయింది పిల్లలు. కోర్సు అయిపోయాక ‘సర్కారు పైసలు రాలేదు, మీరు కట్టి తర్వాత తీసుకోండి’ అంటూ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపే కాలేజీలున్నాయి. విద్యార్థుల ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఆ సంగతి తెలిసి అడిగే తల్లిదండ్రులు తక్కువ. సర్కారు కాలేజీలో ఫీజే కొన్ని వేలు దాటదు కాబట్టి ఈ మెలిక అక్కడ ఉండదు. ఆదాయం పరిమితికి కొంచెం పైన ఉన్న ఇళ్లకు, అంటే చిన్న కిరాణా షాపు వాళ్లకు, ఆటో సొంతంగా ఉన్నవాళ్లకు, ఈ ఒక్క తేడా చాలు నిర్ణయం మార్చడానికి.

చదువు చెప్పే విషయానికి వస్తే ప్రైవేటు అంతా ఒకే తీరు కాదు. సుల్తాన్-ఉల్-ఉలూమ్ ఎడ్యుకేషన్ సొసైటీ 1980లో బంజారాహిల్స్‌లో పెట్టిన ముఫఖంజా ఇంజనీరింగ్ కాలేజీ, 1984లో దారుస్సలాంలో మొదలైన దక్కన్ ఇంజనీరింగ్ కాలేజీ, అదే ఏడాది కంచన్‌బాగ్‌లో వచ్చిన దక్కన్ మెడికల్ కాలేజీ నలభై ఏళ్లుగా నిలబడ్డాయి. పాతబస్తీ ఇళ్లు వీటిని తమవిగా చెప్పుకుంటాయి. ఇవి ప్రైవేటువే, చిన్నవి మాత్రం కావు. వీటికీ, మూడంతస్తుల భవనంలో రెండో అంతస్తు అద్దెకు తీసుకున్న డిగ్రీ కాలేజీకీ పోలిక లేదు. అధ్యాపకులు, ల్యాబులు సరిగా లేవంటూ 2014లో జేఎన్‌టీయూ హైదరాబాద్ ఒకేసారి 170కి పైగా ఇంజనీరింగ్ కాలేజీలకు అనుబంధ గుర్తింపు నిరాకరించింది. వ్యవహారం కోర్టుకెక్కింది. అప్పటికే ఆ కాలేజీల్లో చదువుతున్న పిల్లలు ఎటూ తోచక నిలబడ్డారు. డిగ్రీ కాలేజీల విషయంలో ‘దోస్త్’ ఇదే సంగతిని నిశ్శబ్దంగా బయటపెడుతోంది. 2016లో అది వచ్చినప్పటి నుంచి ఏ కాలేజీని ఎందరు ఎంచుకున్నారో లెక్క తేలుతోంది. రాష్ట్రంలో సగానికి అటూఇటూగా సీట్లు మిగిలిపోతున్నాయి. ఒక్కరు కూడా చేరని కాలేజీలు ఏటా పదుల్లో ఉంటున్నాయి. చేరిన కాలేజీ మూడేళ్ల తర్వాత ఉంటుందా అన్నది అనవసరమైన అనుమానం కాదు.

అమెరికాలో ఉన్న బంధువుల సలహా ఇక్కడ జాగ్రత్తగా వినాలి. షికాగోలో స్థిరపడ్డ పాతబస్తీ కుటుంబాలు ఎన్నో. అక్కడి చిన్న ప్రైవేటు కాలేజీలంటే హాస్టళ్లు, నిండా అధ్యాపకులు, తక్కువ మంది పిల్లలున్న క్లాసులు, సొంత నిధులు. ఫీజు కూడా అంతే భారీగా ఉంటుంది. ‘చిన్న కాలేజీలో వేయండి, టీచర్లు పట్టించుకుంటారు’ అని వాళ్లు ఫోన్‌లో చెప్పేది ఆ కాలేజీల గురించి. ఇక్కడ క్లాసులో ఇరవై మందే ఉంటే అది చాలాసార్లు ఎవరూ చేరకపోవడం వల్ల.

మరి సర్కారు వైపు అంతా బాగుందా? లేదు, ఆ మాట దాచకూడదు. ఉస్మానియాలో మంజూరైన బోధన పోస్టుల్లో సగానికి పైగా ఏళ్లుగా ఖాళీ. పాఠాలు చాలావరకు కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల భుజాల మీద నడుస్తున్నాయి. రాష్ట్రంలోని యూనివర్సిటీలన్నిటికీ ఉమ్మడి నియామక బోర్డు పెడతామంటూ 2022లో శాసనసభ ఆమోదించిన బిల్లు చట్టం కాకుండా ఆగిపోయింది. పెద్ద యూనివర్సిటీలో పిల్లవాడు వారం రోజులు రాకపోయినా అడిగేవాళ్లు ఉండరు. ఇంట్లో చదువుకున్న అన్నో అక్కో ఉన్నవాళ్లు ఆ స్వేచ్ఛను వాడుకుంటారు. మొదటి తరం పిల్లలు కొందరు అందులో దారి తప్పిపోతారు. ఏ ఫారం ఎక్కడ ఇవ్వాలో, బ్యాక్‌లాగ్ ఫీజు గడువు ఎప్పుడో చెప్పే మనిషి లేక ఏడాది పోగొట్టుకున్న పిల్లలున్నారు. గల్లీ కాలేజీలో క్లర్కే ఇంటికి ఫోన్ చేసి చెబుతాడు. దీన్ని చిన్నచూపు చూడటం అన్యాయం.

అలాగని పెద్ద యూనివర్సిటీ ఇచ్చేదాన్ని గల్లీ కాలేజీ ఎన్నటికీ ఇవ్వలేదు. లక్షల పుస్తకాల లైబ్రరీ, రాత్రి దాకా నిండి ఉండే రీడింగ్ రూములు, పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్లు, ఆదిలాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా అన్ని జిల్లాల పిల్లలు. తలాబ్‌కట్ట నుంచి వచ్చిన అబ్బాయి మెస్‌లో ఆసిఫాబాద్ గోండు అబ్బాయి పక్కన కూర్చుంటాడు. ఇద్దరూ ఇంట్లో మొదటి తరం గ్రాడ్యుయేట్లే. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టిన క్యాంపస్ ఇదే. 1969లో, మళ్లీ 2009 తర్వాత తెలంగాణ ఉద్యమానికి వెన్నుదన్నుగా నిలిచిన క్యాంపస్ కూడా ఇదే. పాతబస్తీ పిల్లలు రాష్ట్రం మొత్తంతో కలిసి మాట్లాడే చోటు అంతకన్నా పెద్దది ఇంకొకటి లేదు. అక్కడికి వెళ్లకుండా చదువు పూర్తి చేసిన వాళ్లు కోల్పోయేది మార్కుల మెమోలో కనిపించదు.

దూరం మాటకు మళ్లీ వస్తే, మ్యాప్‌లో కనిపించేంత దూరం కాదది. ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ ఎక్కితే ఉప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, విద్యానగర్ దాటి జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లు వస్తాయి. పాతబస్తీని యూనివర్సిటీతో నేరుగా కలిపే రైలు మార్గం ఉన్నా, రైళ్లు తక్కువ కావడంతో దాని మీద ఆధారపడి రోజూ క్లాసుకు పోవడం కష్టం. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు టికెట్ ఖర్చు లేదు. నెలకు బస్ పాస్ ఖర్చు చూసి ఆగిపోయిన అమ్మాయిలకు ఇది నిజమైన సాయం. పాతబస్తీకి రావాల్సిన మెట్రో లైన్ 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి అక్కడే ఆగింది. దాన్ని పాతబస్తీలోకి పొడిగించడానికి 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. మూసీ దాటి ఆ రైలు వస్తే చాంద్రాయణగుట్ట అమ్మాయికి ఎంపిక చేసుకునే కాలేజీల జాబితా ఒక్కసారిగా పెరుగుతుంది. కాలేజీ కట్టడం ఎంత ముఖ్యమో ఈ లైన్ వేయడం అంతే ముఖ్యం.

ఈ మధ్యలో ఒక మంచి మార్పు జరిగింది. కోఠిలో పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఆవరణలో ఉన్న మహిళా కాలేజీ 1924లో మొదలై దశాబ్దాలుగా ఉస్మానియాలో భాగంగా ఉండేది. 2022లో దాన్ని మహిళా యూనివర్సిటీ చేశారు, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. చాదర్‌ఘాట్ దాటితే వచ్చేస్తుంది. సర్కారుది, పెద్దది, ఆడపిల్లలకు మాత్రమే. తండ్రి అడిగే ప్రశ్నకు, కూతురు కోరే చదువుకు రెండింటికీ జవాబు చెప్పగలిగే చోటు పాతబస్తీకి ఇంత దగ్గరలో ఇదే. అధ్యాపకులను, హాస్టల్ గదులను పెంచితే దీనికి మించిన సాయం ఇంకొకటి ఉండదు.

పగలంతా షాపులో ఉండే అబ్బాయిల సంగతి వేరు. వాళ్లకు గల్లీ కాలేజీ, పెద్ద యూనివర్సిటీ రెండూ అందవు. 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వాళ్ల కోసమే ఉంది. పుస్తకాలు కావాలంటే అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. లైబ్రరీ లేని కాలేజీలో చేరిన పిల్లలు కూడా ఉద్యోగ పరీక్షల పుస్తకాలు పట్టుకుని అక్కడ చోటు వెతుక్కుంటారు.

ఇన్ని చూశాక ఒక మాట గట్టిగా చెప్పవచ్చు. డిగ్రీకి ఇంటి దగ్గరి సర్కారు కాలేజీ, పీజీకి ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియా క్యాంపస్. పాతబస్తీలో ఎక్కువ ఇళ్లకు ఈ దారి అన్నిటికన్నా మేలు. అందులో ఖర్చు తక్కువ, దూరం తక్కువ, మూడేళ్లలో పిల్లకూ ఇంటికీ ధైర్యం వస్తుంది, ఆ తర్వాత పెద్ద క్యాంపస్ అంత కొత్తగా అనిపించదు. ప్రైవేటు కాలేజీయే కావాలనుకుంటే, ఫీజు కట్టే ముందు ఒక మామూలు రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు లోపలికి వెళ్లి చూడాలి. ఎన్ని క్లాసులు నిజంగా నడుస్తున్నాయి? ల్యాబ్ తాళం తీసే ఉందా? గత ఏడాది ఫైనలియర్ పిల్లలు ఎందరు పాసయ్యారు? రీయింబర్స్‌మెంట్ రాకపోతే సర్టిఫికెట్లు ఇస్తామని రాసి ఇస్తారా? ‘దోస్త్’లో చేరని కొన్ని కాలేజీలు నేరుగా అడ్మిషన్లు ఇస్తాయి. అలాంటి చోట రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో ముందే తేల్చుకోవాలి. ఇక కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు వెబ్ ఆప్షన్ల వరుసను నెట్ సెంటర్ అబ్బాయికి వదిలేయకూడదు. మార్కులకు అందే కాలేజీల్లో పైన పెట్టిన దాన్నే ‘దోస్త్’ ఇస్తుంది, దాని కింద రాసినవి ఇక చూడదు. హుస్సేనీ ఆలమో సిటీ కాలేజో కావాలనుకుంటే అది ఒకటో నంబరులో ఉండాలి.